కాపలా ఇంకా ముగియని చోట: పలమనేరు అడవి అంచున ఒక కేసు

తిరుపతిలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థులకు పాఠాలు చెబుతూ, వారంలో రెండు రోజులు ఒక ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. మానసిక గాయం, అంటే మేము ట్రామా అని పిలుచుకునేది, నా పరిశోధన విషయం కూడా. ఇన్నేళ్లలో రాసిన కేసు ఫైళ్లలో నేను మళ్లీ మళ్లీ తెరిచి చూసుకునేది ఒకటి ఉంది. కొడుకు చదివి వినిపించగా ఆమె మొత్తం విని ఒప్పుకున్నాక, దాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఊరి పేరు రాయలేదు. వయసు, బంధుత్వాలు, నెలలు కొన్ని మార్చాను. మారుపేరు పెడదామంటే, "పేరెందుకు మా, ఆమె అని రాయండి, చాలు" అన్నది కాబట్టి అలాగే రాస్తున్నాను.

ఆమెకు 47 ఏళ్లు. చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు, కౌండిన్య అడవికి ఆనుకున్న ఊరు. రెండెకరాల పొలం, రెండు పాడి ఆవులు. కొడుకు తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో పనిచేస్తాడు. మే నెలలో తల్లిని తన గదికి తెచ్చుకుని, నాలుగు రోజులు చూసి, ఐదో రోజు ఓపీకి తీసుకొచ్చాడు. "రాత్రిపూట పడుకోదు మేడమ్, తలుపు దగ్గరే కూర్చుంటుంది. లాడ్జి వెనక చెత్త బండి వస్తే మంచం కిందికి దూరింది" అని చెప్పాడు. ఊళ్లో జడుసుకుందని అన్నారు, గాలి సోకిందని అన్నారు, తాయెత్తు కట్టించారు. దగ్గరి ఊళ్లో వైద్యం చేసే ఒకాయన ఇచ్చిన నిద్రమాత్రలు ఐదు నెలలుగా వాడుతోంది, ఒకటితో మొదలైనవి మూడుకు చేరాయి.

నా గదిలో రోగి కోసం వేసిన కుర్చీ తలుపుకు వీపు పెట్టి ఉంటుంది. ఆమె అందులో కూర్చోలేదు. తనే దాన్ని జరిపి, గోడకు ఆనించి, తలుపూ కిటికీ రెండూ కనబడేటట్టు వేసుకుని కూర్చుంది. ఆ తరువాత నేను నా గదిలో కుర్చీల అమరికే మార్చేశాను.

సంఘటన డిసెంబరులో జరిగింది. వరి కోతకు వచ్చిన రోజులు. రాత్రి పదకొండు దాటాక ఏనుగులు దిగినాయని పక్క చేని వాళ్లు ఫోన్ చేస్తే, ఆమె భర్త మరో ఇద్దరితో కలిసి టపాసులు, రేకు డబ్బాలు తీసుకుని పోయాడు. అర్ధగంట తరువాత ఆయన ఫోన్ చేసి, తన టార్చి ఆరిపోయేటట్టుంది, ఇంట్లో ఉన్న రెండోది పట్టుకురమ్మన్నాడు. రెండోది ఛార్జింగులో లేదు. ఆ సాయంత్రం ఆ ప్లగ్గులో ఆమె సెల్‌ఫోన్ పెట్టుకుంది, కొడుకు ఫోన్ చేస్తాడని. ఆ సెల్‌ఫోన్ వెలుగుతోనే గట్టు మీద నడిచి కానుగ చెట్టు దాకా వెళ్లేసరికి, గుంపు నుంచి విడిపోయిన ఒంటి ఏనుగు చేనిలోకి వచ్చి ఉంది. ఆమె ఏమీ చూడలేదు. విన్నది. ఎండుకట్టె విరిచిన చప్పుడు అయిందని మొదటి రోజు చెప్పింది, మరుక్షణం చెవులు మూసుకుంది. భర్త చనిపోయిన తరువాత ఆమె పొయ్యిలోకి కట్టెలు విరవలేదు. స్నానానికి నీళ్లు కూడా గ్యాసు మీదే కాస్తోంది.

దీని మీద ఇంకొకటి వచ్చి పడింది. పెద్దకర్మ నాడు మరిది నలుగురిలో అడిగాడు: "టార్చి ఛార్జింగు ఎందుకు పెట్టలేదు? పొద్దున ఇద్దరూ గొడవ పడినారంట కదా. కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" చిత్తూరు జిల్లాలో ఈ మాట బరువు తెలియని వాళ్లుండరు. కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు, కోనేటిలో మునిగొచ్చి తడిబట్టలతో చేసే ప్రమాణం ఊరి పంచాయతీల్లో చివరి మాట. అక్కడ అబద్ధమాడితే సామి చూసుకుంటాడన్న నమ్మకం ఇవాళ్టికీ గట్టిది. ఆమె ఏమని ప్రమాణం చేయాలి? పొద్దున గొడవ పడిన మాట నిజం. టార్చి పెట్టని మాటా నిజం. కోపంతో పెట్టలేదా, మరచిపోయి పెట్టలేదా అన్నది ఐదు నెలలుగా రాత్రంతా తనను తానే అడుగుతూ ఉంది. పైగా ప్రమాణం చేయాల్సిన దేవుడి ముఖం కూడా ఏనుగు ముఖమే. ఇంట్లో వినాయకుడి క్యాలెండరు తిప్పి గోడకేసి పెట్టేసింది. "సామి మీద కోపం పెట్టుకోకూడదు కదా మా" అని మూడో సారి వచ్చినప్పుడు నెమ్మదిగా అడిగింది.

మొదటి అంచనా రాయడం కష్టం కాలేదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం పీటీఎస్‌డీ (మానసిక గాయం తరువాత పట్టుకునే ఒత్తిడి జబ్బు) అనడానికి మూడు రకాల లక్షణాలు కలిసి ఉండాలి. జరిగినది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్లముందు, చెవుల్లో తిరగాలి. దాన్ని గుర్తుచేసే చోట్లను, తలపులను తప్పించుకు తిరగాలి. ప్రమాదం ఇంకా పక్కనే ఉన్నదన్న భావన మనిషిని వదలకుండా ఉండాలి. మూడూ ఉన్నాయి. వాటితో పాటు దిగులు జబ్బు, మాత్రలకు అలవాటు పడటం కూడా ఉన్నాయి. చావు కోరిక గురించి సూటిగా అడిగాను. "ఒక్కోసారి అనిపిస్తుంది, ఆవుల్ని చూసి మానుకుంటా" అన్నది. పశువుల కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలను ఆ రోజే పక్కింటి వాళ్ల ట్రంకుపెట్టెలోకి మార్పించాను, కొడుకు ఫోనులో మానసిక సాయం కోసం ఉన్న ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరు వేయించాను. సైకియాట్రిస్టు దిగులుకూ పీటీఎస్‌డీకీ ఇచ్చే సెర్ట్రలిన్ అనే మందు మొదలుపెట్టి, నిద్రమాత్రలను ఒక్కసారిగా ఆపకుండా వారాల మీద తగ్గించే పట్టిక రాసిచ్చారు. మానసిక గాయం తగిలిన మొదటి నెలలో ఇలాంటి నిద్రమాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. కానీ పల్లెల్లో చావు జరిగిన ఇంటికి మొట్టమొదట చేరే మందు ఇప్పటికీ అదే, అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఇక పీటీఎస్‌డీ లక్షణాల తీవ్రతను కొలిచే పీసీఎల్-5 అనే ప్రశ్నావళి. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, గడిచిన నెల రోజుల్లో ఎంత ఇబ్బంది పడ్డారన్నది లెక్క. పదిహేడో ప్రశ్నలో ఎప్పుడూ అతిజాగ్రత్తగా, కాపు కాస్తున్నట్టు ఉంటున్నారా అని అడుగుతాం. ఆమె నాకేసి వింతగా చూసింది. "కాపలా కాయకపోతే ఎట్లా మా? పంట ఉండాది కదా" అన్నది. నేను నాలుగు వేసుకుని తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. ఆ మాట దగ్గర అప్పుడే ఆగి ఉంటే తరువాత జరిగిన తప్పు జరిగేది కాదు.

నేను చేసిన తప్పు

నా చదువు గురించి ఇక్కడ కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే తప్పు అందులోంచే వచ్చింది. తిరుపతిలో ఎంఎస్‌డబ్ల్యూ, బెంగళూరులో సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో రెండేళ్ల ఎం.ఫిల్ చేశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనడానికి కోరే అర్హత అదే. ఆ చదువులో పీటీఎస్‌డీ అనే పేరు 1980లో అమెరికన్ రోగనిర్ధారణ పుస్తకంలోకి ఎలా వచ్చిందో, దాని వెనక వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం ఎంత ఉందో చదువుకున్నాం. ఆ సైనికుల యుద్ధం వేల మైళ్ల దూరంలో ముగిసిపోయింది. వాళ్లు ఇంట్లో క్షేమంగా ఉండి కూడా యుద్ధంలో ఉన్నట్టు బతుకుతున్నారు. పేరులో "తరువాత" అనే అర్థమిచ్చే "పోస్ట్" అన్న మాట అక్కడ అక్షరాలా సరిపోయింది. 2021 నవంబరు వరదల్లో నేను చేసిన పని కూడా ఆ నమూనాకు సరిపోయింది. స్వర్ణముఖి పొంగి, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు, విద్యార్థులతో కలిసి ఒక పునరావాస కేంద్రంలో కూర్చున్నాం. ఎవరినీ జరిగింది చెప్పమని బలవంతపెట్టకుండా, వాళ్లకు కావలసింది కనుక్కుని సాయం చేసేవాళ్ల దగ్గరికి చేర్చే మానసిక ప్రథమ చికిత్స చేశాం. నీళ్లు తీశాయి. ఇళ్లకు వెళ్లాక కూడా వాన చప్పుడుకు ఉలిక్కిపడే పిల్లలకు, వాన వేరు, వరద వేరు అని నేర్పించగలిగాం.

అదే తీరుగా ఈమెకూ ఎక్స్‌పోజర్ పద్ధతిలో ఒక మెట్ల పట్టిక రాశాను. భయపెట్టే చోట్లను తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా వరుసగా రాసుకుని, ఒక్కొక్కటి అలవాటయ్యేదాకా అక్కడ నిలబడి, ఏమీ జరగదని శరీరానికి తెలియజెప్పడం దీని ఉద్దేశం. కొట్టం, తరువాత గట్టు, తరువాత కానుగ చెట్టు, చివర పొద్దుగూకే వేళ కానుగ చెట్టు. జూన్ చివర ఆమె ఊరికి వెళ్లింది. రెండు వారాల తరువాత తిరిగొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది: "మీరు పొమ్మన్నారు, పోయినాను. సాయంత్రం చెట్టు కింద నిలబడినాను, మీరు చెప్పినట్టే ఊపిరి తీసుకున్నాను. తెల్లారి పోయి చూస్తే అక్కడే లద్దె ఉండాది. వేడి ఆరలేదు."

నేను ఏమీ అనలేకపోయాను. క్షమాపణ చెప్పాను. ఎక్స్‌పోజర్ క్షేమమైన చోటే చేయించాలన్న షరతు ఆ పద్ధతి నేర్పిన వాళ్లు మొదట్లోనే పెట్టారు, నేను దాన్ని విద్యార్థులకు ఏటా చెబుతాను కూడా. కానీ ఆ చెట్టు క్షేమమో కాదో తిరుపతిలో నా గదిలో కూర్చుని నేను నిర్ణయించాను. కౌండిన్య అడవిలోకి 1980ల్లో పక్క రాష్ట్రాల వైపు నుంచి ఏనుగులు వచ్చి స్థిరపడ్డాయి, 1990లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ ఊరికి ఏనుగు రాత్రుళ్లు ఉన్నాయి. వానాకాలం పంటకు, కోతలకు, మామిడి పనస కాలానికి అవి వస్తాయి, పోతాయి, మళ్లీ వస్తాయి. ఆ చెట్టు దగ్గర "ఏమీ జరగదు" అని ఆమె శరీరానికి నేర్పడం నేర్పించకూడని పాఠం.

పొలంలో

ఆ తరువాతి వారం ఇద్దరు విద్యార్థినులతో ఆమె ఊరికి వెళ్లాను. ఆమె వదినను, ఊళ్లో ఏనుగుల జాడ చూసే ట్రాకరుగా పనిచేసే ఒక కుర్రవాణ్ణి కూడా రమ్మన్నాను. పట్టపగలు పదకొండు గంటలకు గట్టు మీద నడిచాం. నేను ఏమీ చెప్పలేదు, అక్కా మాకు చూపించండి అన్నాను. మొదట వదిన చెయ్యి వదల్లేదు. పది అడుగుల తరువాత, తనే వంగి, అరటి మొదలు దగ్గర నేలను వేళ్లతో తడిమి, ఇది మొన్నటిది, అంచు రాలిపోయింది చూడండి, నిన్నటి అడుగయితే అంచు నిలబడి ఉంటుంది అని చూపించింది. గాలి ఎటు వీస్తే వాసన ఎటు వస్తుందో, కొమ్మ చీలిక ఏ ఎత్తున ఉంటే పెద్దదో, కుక్కలు ఎట్లా మొరిగితే మనిషి, ఎట్లా మొరిగితే ఏనుగో చెప్పింది. ట్రాకరు రెండు చోట్ల ఆమె మాటను దిద్దబోయి, రెండోసారి తనే ఒప్పుకున్నాడు. గొంతు మారింది. నా గదిలో ఐదు వారాలుగా విన్న గొంతు అది కాదు.

ఆ రోజు కొట్టం అరుగు మీద కూర్చుని పాత మెట్ల పట్టిక చించేసి, ఆమెతోనే రెండు వరుసలు రాయించాం. ఒకటి ఉండాల్సిన భయం, ఇంకొకటి పోవాల్సిన భయం. పొద్దుగూకాక ఒంటరిగా గట్టు మీదికి పోకపోవడం, తాజా లద్దె కనిపిస్తే వెనక్కి రావడం, ఫోన్ వచ్చినా చీకట్లో బయటికి పోకపోవడం మొదటి వరుసలో చేరాయి. ఎండుకట్టె చప్పుడు, చెత్త బండి, క్యాలెండరు, పగటిపూట కొట్టం, టీవీలో ఏనుగు రెండో వరుసలో పడ్డాయి. కానుగ చెట్టు దగ్గర చాలాసేపు ఆగిపోయాం. చివరికి ఆమే తీర్పు చెప్పింది: పగలైతే ఇటు, రాత్రయితే అటు. చికిత్స అంతా ఆ రెండో వరుస మీదనే నడిచింది. కట్టెలతో మొదలైంది. మొదటి రోజు విద్యార్థిని విరిస్తే ఆమె వింది, ఆ తరువాత వదిన, వారం తరువాత తనే ఒక సన్నపుల్ల విరిచింది.

కాగితాల పని ఇదే సమయంలో సాగింది. పరిహారం ఇంకా రాలేదు. పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, అటవీ అధికారి నివేదిక ఉన్నాయి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయింది, ఆధార్‌లో భర్త పేరు ఒకలాగా, రేషన్ కార్డులో ఒకలాగా ఉండటమే కారణం. ఒక కార్యాలయంలో మూడుసార్లు వెనక్కి పంపారు. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. వెళ్లిన ప్రతి బల్ల దగ్గరా ఎలా చచ్చిపోయాడమ్మా అని మొదటి నుంచి చెప్పించుకున్నారు. ఆమె లెక్క ప్రకారం ఆరుసార్లు. చెప్పిన ప్రతి రాత్రీ ఆ చప్పుడు మళ్లీ వినబడింది. అందుకని సంఘటనను తేదీ, సమయం, స్థలం, సాక్షుల పేర్లతో ఒక్క పేజీలో టైపు చేయించి, ఆమె వేలిముద్రతో పది కాపీలు తీయించాం. ఎవరు అడిగినా కొడుకు ఆ పేజీ ఇవ్వాలి, ఆమె బయట బెంచీ మీద కూర్చోవాలి. సోషల్ వర్కర్ పనిని కాగితాల పని, చికిత్స పని అని విడదీసి, రెండోదాన్ని గొప్పదిగా చూసే అలవాటు మా రంగంలోనే ఉంది. ఈ కేసులో నిద్ర మొట్టమొదట మెరుగుపడింది ఆ పేజీ తయారైన వారంలోనని నా నోట్సు చెబుతోంది. మందు కూడా అప్పటికి పని మొదలుపెట్టి ఉంటుంది, ఆ సంగతి కాదనను.

టార్చి గురించి మాట్లాడటానికి ఆగస్టు దాకా ఆగాం. ఆమే దాన్ని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని తిరుపతికి తెచ్చింది. ఎర్ర ప్లాస్టిక్ టార్చి, పిడి దగ్గర పగిలితే ఆయన సైకిలు ట్యూబు ముక్క చుట్టి కట్టాడు. బల్ల మీద పెట్టి, "ఇదే" అన్నది. ఆ సాయంత్రాన్ని నిమిషం నిమిషంగా చెప్పమన్నాను. పాలు పితికింది, పాలకేంద్రానికి పోయింది, వచ్చింది, అన్నం వండింది, ఫోన్ చూస్తే అడుగంటిన ఛార్జింగు. ప్లగ్గు ఒకటే. టార్చి తీసి ఫోన్ పెట్టింది. ఇక్కడ ఆగి అడిగాను: టార్చి తీసినప్పుడు మీకు ఆయన మీద కోపం ఉందా? చాలాసేపు ఆలోచించింది. "అప్పటికి పోయింది మా. ఆయన మెంతికూర తెచ్చినాడు." ఇద్దరం ఆ మెంతికూర దగ్గర ఆగిపోయాం. ఇన్ని నెలలుగా తనను తాను అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఆ సాయంత్రంలోనే ఉంది, గొడవకూ రాత్రికీ మధ్య ఉన్న గంటలు మరిది అడిగిన ప్రశ్నలో లేవు. నీ తప్పేమీ లేదు అని నేను అనలేదు. ఆ మాట ఊళ్లో అందరూ అన్నారు, ఒక్కరి మాటా లోపలికి దిగలేదు. లైటు వేసి ఉంటే ఒంటి ఏనుగు ఆ వెలుగు మీదికే వచ్చేదేమో కూడా ఎవరూ చెప్పలేరని ట్రాకరు తరువాత ఆమెతో అన్నాడు. ఆ మాటను ఆమె నా మాటల కంటే ఎక్కువ తలుచుకుంది.

మరిదిని ఒకసారి విడిగా కలిశాను. ఆ రాత్రి వెళ్లిన ముగ్గురిలో అతనూ ఉన్నాడని అప్పుడే తెలిసింది. అతనే ముందు పరుగెత్తాడు. అతని నిద్ర సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడు అతనికి వేరే ఫైలు ఉంది, అందులోది ఇక్కడ రాయను. ప్రమాణం మాట మాత్రం అతను తనే వెనక్కి తీసుకున్నాడు.

వినాయక చవితికి ఆమె క్యాలెండరును తిప్పలేదు, తిప్పమని నేనూ అడగలేదు. బ్రహ్మోత్సవాల నాటికి కొడుకు గదిలో ఉంది. ఆరో రోజు రాత్రి గజవాహన సేవ టీవీలో వస్తుందని ముందే తెలుసు కాబట్టి, రెండో వరుసలో చివరి మెట్టుగా దాన్ని తనే ఎంచుకుంది. కొడుకు పక్కన కూర్చున్నాడు, రిమోట్ ఆమె చేతిలో ఉంది. మొదట శబ్దం తీసేసి చూసింది. బంగారు ఏనుగు మీద సామి కనిపించగానే గుండె దడదడలాడిందని, ఛానెలు మార్చలేదని, చివర్లో శబ్దం పెట్టిందని కొడుకు ఆ రాత్రే మెసేజ్ పెట్టాడు. కార్తీకంలో ఇద్దరూ కాణిపాకం వెళ్లారు. కోనేటిలో దిగలేదు, ప్రమాణం చేయలేదు, క్యూలో నిలబడి దర్శనం చేసుకుని వచ్చారు. సామితో ఏం మాట్లాడిందో నేను అడగలేదు.

సంవత్సరీకం దాటింది, ఆమె మొదటిసారి ఓపీకి వచ్చి ఇప్పుడు ఏడాదిన్నర అయింది. నిద్రమాత్రలు పూర్తిగా ఆగాయి. సెర్ట్రలిన్ సాగుతోంది. పరిహారం వచ్చింది, కొంత కొడుకు పేరు మీద డిపాజిట్ చేసింది. రాత్రి కాపలా ఆమె కాయదు. పొలాన్ని మరిదితో కలిపి సాగు చేస్తున్నారు, ఏనుగులు దిగిన కబురు వస్తే వదిన ఇంటి మిద్దె మీద నలుగురు ఆడవాళ్లు కలిసి పడుకుంటారు. 2025లో కర్ణాటక నుంచి తెచ్చిన కుంకీ ఏనుగులను, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులను, పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో పెట్టారు. వాటిని చూసి రావాలని ఊళ్లో వాళ్లు పోతే ఈమె పోలేదు, అది ఏ వరుసలోనిదో ఇంకా తేల్చుకోలేదు. కట్టెలు విరుస్తోంది. పెద్ద మొద్దులు మాత్రం వదినకే వదిలేస్తుంది.

ప్రశ్నావళి ఆరు నెలలకొకసారి మళ్లీ చేయిస్తున్నాం. జ్ఞాపకాలకు, పీడకలలకు, తనను తాను నిందించుకోవడానికి సంబంధించిన మార్కులు సున్నాకూ ఒకటికీ దిగాయి. పదిహేడో ప్రశ్నకు ఆమె ఇప్పటికీ మూడు వేయమంటుంది. విద్యార్థిని దాన్ని మిగిలిపోయిన లక్షణంగా రాయబోతే, పక్కన "కోతల కాలం" అని రాసి తేదీ వేయమన్నాను. ఈసారి రమ్మన్నది సంక్రాంతి దాటాక, వడ్లు ఇల్లు చేరాక.